బాప్తిస్మం పేర్లతో సంతకాలు

పెద్దాయన తన బత్తాయి తోట పక్కనున్న ఐదు సెంట్ల స్థలం నీళ్ల ట్యాంకుకు ఊరికే ఇస్తున్నాడన్న కబురు వచ్చిన రోజు, మా పాలెంలో సంతోషపడని మనిషి నేనొక్కడినే. ఆ మాట చెప్పడానికి ఎదురింటి మేస్త్రీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఎందుకిస్తాడంట?" అని అడిగాను. పెళ్లి పందిట్లో తుమ్మినవాణ్ణి చూసినట్టు నన్ను చూసి, వెనక్కి తిరిగిపోయాడు.

పెద్దాయన అంటే మా ఊరి ఆసామి. వాళ్ల నాన్న సర్పంచి, తరువాత ఆయన సర్పంచి, రిజర్వేషన్ వచ్చినప్పుడు ఆయన చూపించిన మనిషి సర్పంచి. నాకు తెలిసి ఆయన గేటు మీద జెండా రంగు నాలుగుసార్లు మారింది, గేటు మాత్రం మారలేదు. అలాంటి మనిషి ఊరికే భూమి ఇస్తానంటే నాకు నిద్ర పడుతుందా?

దుత్తలూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. ఊరికీ మా పాలేనికీ మధ్య అర మైలు దూరం, ఒక ఎండిన వాగు. మా ముత్తాతల కాలంలోనే పాలెం మొత్తం బాప్టిస్టులైంది. మా తాత గుడిలో పెద్ద, మా నాయన కూలి, నేను బడిపంతుల్ని. రిటైరై ఆరేళ్లయింది. రిటైరైన పంతులుకు పింఛనూ అభిప్రాయాలూ తప్పకుండా వస్తాయి. పింఛను నెలకొకసారి వస్తుంది, అభిప్రాయాలు రోజూ వస్తాయి. వాటిని దుత్తలూరు బస్టాండు దగ్గర టీ అంగడిలో దించుకుని వస్తుండేవాణ్ణి.

నా అభిప్రాయాలు కొత్తవేమీ కావు. సోమశిల డ్యాము మా జిల్లాలోనే ఉంది. ఆ నీళ్లు అనంతసాగరం పక్క చూస్తాయి, ఆత్మకూరు పక్క చూస్తాయి, కిందికి పోయి డెల్టాలో వరి పండిస్తాయి. మెట్టన ఉన్న మాకు మాత్రం ఎన్నికలప్పుడు మైకులో వస్తాయి. ఓట్లు అయిపోగానే మైకు కట్టేస్తారు, నీళ్లూ ఆగిపోతాయి. ఎవరు గెలిచినా శాలువాల అంగడివాడికి నష్టం లేదు, ఎవరు ఓడినా మా పాలేనికి లాభం లేదు. ఇలా అంటే టీ అంగడిలో కొందరు నవ్వేవాళ్లు. "సారూ, మీరు దేవుణ్ణయినా ఆధార్ కార్డు అడుగుతారు" అన్నాడు ఒకసారి అంగడివాడు. నాకు అది పొగడ్తలాగే వినిపించింది.

ఈ ట్యాంకు కోసం పాలెంలో అందరికన్నా ఎక్కువగా ఎదురుచూసింది మా అక్క. మా బావ పోయాక మా పక్కింట్లోనే ఒంటరిగా ఉంటోంది. పాలెం బోరు నీళ్లలో ఫ్లోరైడు. ఆ నీళ్లు తాగి పెరిగిన మా పళ్లకు గార, మోకాళ్లకు వంకర. అక్కకు రెండు మోకాళ్లూ లోపలికి వంగిపోయాయి. మంచినీళ్ల కొళాయి ఊళ్లో రచ్చబండ పక్కన ఉంది. అక్కడికి పోయి బిందె చంకనెత్తుకుని వస్తూ దారిలో ఐదారుసార్లు దించుతుంది. ఆటోలో వచ్చే క్యాను నీళ్లు నేను కొనిస్తానంటే వినదు. "నీళ్లు గూడా ఒకరి మీద పడి తాగాల్నా?" అంటుంది. నేను బిందె మోస్తానన్నా వినదు. కోపం వచ్చేంత మొండి మనిషి.

ట్యాంకు కడితే పాలెంలో ఇంటింటికీ కొళాయి వస్తుందని చెప్పారు. ఆ మాట విన్న వారానికి అక్క మేస్త్రీని పిలిపించి గుమ్మం పక్కన చిన్న సిమెంటు గట్టు కట్టించుకుంది. ట్యాంకుకు ఇంకా ముగ్గు కూడా పోయలేదు. గట్టు మాత్రం తయారు.

"ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, ట్యాంకు రాకముందే గట్టేందక్కా?" అన్నాను.

"వచ్చినాక మేస్త్రీ దొరకడురా. అందురూ వాణ్ణే పిలస్తారు" అంది.

ఇంత ఆశ చూశాక కూడా నాకు అనుమానం పోలేదు. దానికి కారణం ఉంది. మా ఊరి గ్రామసభలో ముందు సంతకాలు పెట్టించుకుంటారు, తీర్మానం తరువాత రాసుకుంటారు. ఇది ఎప్పటినుంచో ఉన్న అలవాటు. పంచాయతీ ఆఫీసు వరండాలో జనం చేరతారు. మాటలు అవుతాయి, టీ వస్తుంది, పెద్ద పుస్తకం ఒకటి చేతులు మారుతూ తిరుగుతుంది. పేజీ పైసగం ఖాళీగా ఉంటుంది. కింద సంతకాలు పెట్టి అందరూ ఇళ్లకు పోతారు. మధ్యాహ్నం తీరిగ్గా ఎవరో కూర్చుని పైన రాస్తారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, పాలెం వీధికి లైట్లు కావాలని మా నాయన ఇంటింటికీ తిరిగి అందరినీ గ్రామసభకు తీసుకుపోయాడు. అందరూ సంతకాలు పెట్టి వచ్చారు. మూడు నెలలకు పాలెం మొదట్లో, గుడికి వంద గజాల్లో బ్రాందీ షాపు తెరిచారు. ఇదేమిటని అడిగితే పుస్తకం చూపించారు. మాకు అభ్యంతరం లేదని మేమే రాసిచ్చినట్టు ఉంది, కింద మొదటి సంతకం మా నాయనది. ఆ షాపు పదకొండేళ్లు నడిచింది. మా నాయన పోయేదాకా ఆ దారిన గుడికి తల దించుకునే నడిచాడు. ఆ దృశ్యం నేను మరిచిపోలేను, మరిచిపోవాలని కూడా అనుకోలేదు.

అందుకని ట్యాంకు కోసం గ్రామసభ పెడుతున్నారని, పాలెం వాళ్లందరూ వచ్చి సంతకాలు చెయ్యాలని టముకు వేసినప్పుడు, నేను కూర్చుని ఆలోచించాను. పోకపోతే ట్యాంకు రాదు. పోయి సంతకం పెడితే పైన ఏం రాస్తారో తెలియదు. ముందు రాసి చూపించండి అని అడగవచ్చు. అడిగితే పెద్దాయన ముఖం మాడ్చుకుని స్థలం ఇవ్వనంటే, పాపం నా నెత్తిన పడుతుంది. వాడు తాడి తన్నేవాడైతే నేను వాడి తలదన్నేవాణ్ణి కావాలనుకున్నాను. చివరికి నాకొక ఉపాయం తట్టింది.

మా గుడిలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. పద్నాలుగో పదిహేనో ఏళ్లు వచ్చి, విశ్వాసం ఒప్పుకున్న తరువాతే ఇస్తారు. వాగులో నీళ్లుంటే వాగులో, లేకపోతే గుడి వెనక సిమెంటు తొట్టిలో ముంచుతారు. అప్పుడు పాస్టరుగారు బైబిల్లోంచి ఒక పేరు పెడతారు. అప్పటికే బడి రిజిస్టరులో తాత పేరో అవ్వ పేరో ఎక్కిపోయి ఉంటుంది. రేషను కార్డులో, ఓటరు లిస్టులో ఆ పాత పేరే నడుస్తుంది. అలా పాలెంలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. అందులో దాపరికం ఏమీ లేదు. పోస్టుమేన్‌కు కూడా రెండూ తెలుసు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ గుడి వెనక వేపచెట్టు కింద ఆపాను. "రేపు గ్రామసభలో బాప్తిస్మం పేర్లతో సంతకాలు పెట్టండి. రికార్డు పేరు పెట్టొద్దు. రేపు పుస్తకంలో ఏదన్నా వంకర రాసుకున్నారనుకో, ఈ పేర్లతో మా పాలెంలో ఓటర్లే లేరు, ఈ సంతకాలు మావి కాదు అని కోర్టులో చెప్పుకోవచ్చు" అన్నాను. వేలిముద్రలు వేసే ముసలివాళ్లను సభకే రావద్దన్నాను. వేలికి రెండు పేర్లు ఉండవు కదా.

జనం తలలూపారు. కొందరికి నవ్వు కూడా వచ్చింది. పెద్దాయన్ను మొదటిసారి మనం బోల్తా కొట్టిస్తున్నామన్న సరదా అది. అక్క మాత్రం అందరూ పోయేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది.

"ఇట్లా పెడితే ట్యాంకు రాకుండా పోదు గదా?"

"ఎందుకు పోతాదక్కా? ట్యాంకు వచ్చేది వస్తాది. ఇది మన జాగ్రత్త."

"నువ్వు చదువుకున్నోడివి. నీకు తెలిసినంత మాకు తెలవదు" అని వెళ్లిపోయింది.

మర్నాడు సభ జరిగింది. ఎప్పటిలాగే పేజీ పైసగం ఖాళీ. నలభై ఒక్క మంది పాలెం వాళ్లు ప్రవక్తల పేర్లూ అపొస్తలుల పేర్లూ పెట్టి వచ్చారు. పెద్దాయన కుర్చీలోంచి లేచి, మా అందరికీ చేతులు జోడించాడు. ఆయన కోడలు కూడా వచ్చింది, కొత్త చీర కట్టుకుని ఆడవాళ్లను పేరుపేరునా పలకరించింది. పంచాయతీ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. నేను వరండా స్తంభానికి ఆనుకుని అన్నీ గమనిస్తూ, మనసులో మీసం తిప్పుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున పంచాయతీ సెక్రటరీ స్కూటీ మీద మా ఇంటికి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి, కలిగిరి పక్కది. చేతిలో తీర్మానం జిరాక్సు, ఓటరు లిస్టు ఉన్నాయి.

"సార్, ఈ నలభై ఒక్క పేర్లు లిస్టులో లేవు. ఆత్మకూరు వాటర్ సప్లై ఆఫీసు నుంచి ఫోన్ చేసినారు. పాలెం వాళ్లు ఒప్పుకున్నట్టు లేకపోతే స్కీము ముందుకు పోదంట. ఇవి వాళ్ల గుడి పేర్లంట గదా? ఈ మనిషీ ఆ మనిషీ ఒకరేనని మీరొక లెటర్ రాసి, అందరి చేతా మళ్లా సంతకాలు పెట్టించండి. శుక్రవారం లోపల ఇస్తే చాలు."

తీర్మానం చదివాను. ట్యాంకు, స్థలం, పాలేనికి పైపులు. అంతకుమించి ఒక్క ముక్క లేదు. మామూలు మనిషైతే అక్కడితో ఆగేవాడు. నాకు ఆ జిరాక్సు మీదే అనుమానం వచ్చింది. అసలు పుస్తకం ఎందుకు తేలేదు? మళ్లీ సంతకాలు ఎందుకు కావాలి? మా నోటితోనే ఇద్దరూ ఒకరేనని రాయించుకుంటే, రేపు కాదనడానికి దారి ఉండదు కదా, ఇదంతా అందుకేనా? గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఉపాయం పన్నింది నేనే కాబట్టి ఎదుటివాళ్లు పన్నే ఉపాయాలు కూడా నాకే కనిపిస్తున్నాయి.

"చూసి చెప్తానమ్మా" అన్నాను.

"శుక్రవారం సార్" అని గుర్తుచేసి, జిరాక్సు నా దగ్గరే వదిలి వెళ్లింది.

మంగళవారం ఆ ఐదు సెంట్ల స్థలం దగ్గరికి పోయి హద్దురాళ్లు చూశాను. రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ పండని నేల. అందుకే ఇస్తున్నాడన్నమాట, అనుకున్నాను. బుధవారం కలిగిరి పోయి, కాగితాల సంగతి తెలిసిన పాత స్నేహితుడి చేత ఆ సర్వే నంబరు మీద తగాదాలేమైనా ఉన్నాయేమో చూపించాను. తగాదాలు లేవు. గురువారం ఉదయగిరిలో ఒక వకీలును కలిశాను. ఆయన జిరాక్సు చదివి, లెటర్ సంగతి విని, "దీంట్లో మీకు నష్టం ఏముందండీ?" అని ఎదురు ప్రశ్న వేశాడు. నాకు ఆయన మీద కూడా అనుమానం వచ్చింది. బస్సు ఎక్కి కిటికీలోంచి ఉదయగిరి కొండను చూస్తూ, ఈయనకు పెద్దాయనతో చుట్టరికం ఏమైనా ఉందేమోనని ఆలోచిస్తూ వచ్చాను. శుక్రవారం సెక్రటరీ రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఇంత తొందరెందుకని అదొక అనుమానం.

ఈ ఐదు రోజులూ పాలెంలో ఎవరికీ ఏమీ చెప్పలేదు. సెక్రటరీ వచ్చిన సంగతీ చెప్పలేదు, గడువు సంగతీ చెప్పలేదు. మొత్తం తేల్చుకుని, గట్టి మాట పట్టుకుని చెబుదామనుకున్నాను.

శనివారం ఉదయానికి తేల్చుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. లెటర్ రాసి, నలభై ఒక్క మంది పేర్లూ రెండు వరసల్లో దించాను. ముందు అందిందనిపించుకుని తరువాత సంతకాలు పెట్టిద్దామని అది తీసుకుని సోమవారం ఆత్మకూరు పోయాను. ఆఫీసులో గుమాస్తా మర్యాదస్తుడు. కుర్చీ వేసి, లెటర్ మొత్తం చదివాడు.

"కింద మండలంలో ఇంకో ఊరోళ్లు కాగితాలన్నీ ముందే ఇచ్చినారు సార్. ఈ విడత ట్యాంకు వాళ్లకు పోయింది. మళ్లా విడత వస్తే మీ ఊరి పేరు పెడతాం. ఎప్పుడొస్తాదో మాత్రం నేను చెప్పలేను."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ లెటరు మడిచి జేబులో పెట్టుకుని బస్టాండులో గంటసేపు కూర్చున్నాను. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నవాడి కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! నన్ను బోల్తా కొట్టించడానికి పెద్దాయన ఏమీ చెయ్యలేదు. ఆయన అవసరమే రాలేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క తన సిమెంటు గట్టు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. కొళాయి లేని గట్టు కూర్చోవడానికే పనికొస్తోంది. ఆమె పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. పక్కవాళ్ల మీదకు నెట్టాలని నోటిదాకా వచ్చింది. సెక్రటరీ సరిగా చెప్పలేదని, ఆఫీసువాళ్లు ఆగలేదని. కానీ ఆమె మోకాళ్లు చూస్తూ ఆ అబద్ధం చెప్పలేకపోయాను.

అక్క చేతులు ఆగాయి. "ఆ పిల్ల నీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?"

"పోయిన సోమారం."

"శుక్రారం దాకా మాకు చెప్పలేదే?"

"పెద్దాయన మనసులో ఏముండాదో తెలుసుకుని చెప్దామని..."

"ఆయన మనసులో ఏముండాదో మాకు తెలవదా? కోడల్ని నిలబెడతాడు, ఓట్లు అడగతాడు. ఏసేవాళ్లు ఏస్తారు, ఎయ్యనోళ్లు ఎయ్యరు. నీళ్లు ఆయన ఇంట్లోవి కాదు గదా. ఈ మాత్రం తెలుసుకునేదానికి కలిగిరి పోవాల్నా, ఉదయగిరి పోవాల్నా?"

ఆమె గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"నాయనను మోసం చేసినోళ్లు ఏం చేసినారు? సంతకాలు పెట్టించుకుని, తరవాత వాళ్లకు తోచింది రాసుకున్నారు. నువ్వు చేసిందేంది? మమ్మల్ని అడగనన్నా అడగకుండా నీకు తోచింది తేల్చేస్తివి. వాళ్ల మీద నీకు నమ్మకం లేదు, సరే. మా మీద గూడా లేదేందిరా?"

సిగ్గుతో చితికిపోయాను. ఇన్నేళ్లూ పాలెం తరఫున అనుమానపడుతున్నాననుకున్నాను. నా బుర్ర తప్ప పాలెంలో ఇంకో బుర్ర ఉందని నాకు తట్టనే లేదు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని మావాళ్ల గురించి టీ అంగడిలో ఎన్నిసార్లు అన్నానో. వాళ్లు నమ్మింది నన్ను.

తరువాత ఎన్నికలు వచ్చాయి. పెద్దాయన కోడలు గెలిచింది, శాలువాలు కప్పారు. పాలెంలో ఎవరు ఎటు వేశారో నాకు తెలియదు. నేను టీ అంగడికి పోవడం తగ్గించాను. అనుమానాలు తగ్గాయని చెబితే అబద్ధం. ఇప్పటికీ ఎవరైనా చేతులు జోడిస్తే ఆ చేతుల వెనక ఏముందా అనే చూస్తాను. అక్క ఇప్పటికీ బిందె తీసుకుని రచ్చబండ దాకా పోతోంది. దారిలో దించేది ఇప్పుడు ఎనిమిదిసార్లు. లెక్కపెట్టాలని లేదు, మా అరుగు మీది నుంచి కనిపిస్తుంది.

మొన్న ఎండాకాలంలో మళ్లీ ట్యాంకుల విడత వస్తుందని తెలిసింది. ఈసారి ఆలస్యం చెయ్యకుండా కొత్త అర్జీ రాశాను. ప్రతి మనిషికీ రెండు పేర్లూ రాసి, సంతకాల కోసం ముందుగా అక్క ఇంటికే పోయాను. పెన్ను తీసి ఆమె చేతికిచ్చి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను.

అక్క పెన్ను గట్టు మీద పెట్టింది. మేస్త్రీ కోడలు డిగ్రీ చదివిన పిల్ల. ఆమెను పిలిచి, "ఇది పైనుంచి కింద దాకా చదివి ఇనిపించు మే" అంది.

నేను రాసిన అర్జీని, నా ముందే, ఇంకొకరి చేత చదివించుకుంటోంది. ఆ అమ్మాయి నా ముఖం చూడలేక ఇబ్బంది పడుతూనే చదివింది. అక్క ఒక్కో వాక్యానికీ తలూపుతూ వింది. రెండుచోట్ల ఆపి మళ్లీ చదివించుకుంది. అంతా అయ్యాక నా వంక తిరిగింది.

"దీంట్లో ఇంకేమన్నా రాసేది ఉండాదా?"

"లేదక్కా."

"అయితే రాసింది అయిపోయినకాడ అడ్డంగా గీత గియ్యి."

గీశాను. గీతకూ కాగితం చివరకూ మధ్య ఖాళీ ఎంత ఉందో కళ్లు చిట్లించి చూసుకుని, అప్పుడు సంతకం పెట్టింది.